సమస్య: కళ్ళజోడు వెదకెఁ గళ్ళజోడు

నిర్వాహకులు: ఈ వారం మతిమరుపు. ఆటవెలది నాలుగో పాదం పైన ఉంది, మిగతా మూడూ మీవి. కాస్త గోదారి వాసన తగలాలి.

లంక మాస్టారు: సఖినేటిపల్లి నుంచి నర్సాపురం రేవుకి పంటు (గోదారి దాటించే పడవ) మీద వచ్చిన రోజు సంగతిది.

నెత్తిమీఁది కెక్కి నిద్రపోవుచు నుండ
సంచి జేబు రేవు సందు గొందు
వదలకుండఁ దిరిగి వాపోవు మా తాత
కళ్ళజోడు వెదకెఁ గళ్ళజోడు

నిర్వాహకులు: భేష్ మాస్టారూ. కళ్ళనీ జోడునీ విడదీసి రెండు కళ్ళ చేతే వెదికించారు. నెత్తి మీద నిద్రపోవడం మరీ బాగుంది. అయితే 'వాపోవు' అంటే ఏడ్చినంత పని. కళ్ళజోడుకి అంత ఏడుపా?

లంక మాస్టారు: కొత్తదండీ. ఏడుపే.

అమలాపురం కోడలు: నాది విరుపు కాదు. మామ్మ పెట్టుకున్న జోడు తాతగారి జోడుని వెదికింది.

గడప దాటఁగానె కలలాగఁ బోయెను
వచ్చినట్టి పనియె వంట యింట
తాత మఱచినట్టి దానినే మా మామ్మ
కళ్ళజోడు వెదకెఁ గళ్ళజోడు

లంక మాస్టారు: గణాలూ యతులూ సరిపోయాయమ్మా. కానీ వచ్చిన పనే మరిచిన మామ్మ మళ్ళీ ఎలా వెదికింది? రెండో పాదం 'వచ్చినట్టి పనియె. వచ్చె గుర్తు' అంటే అతుకుతుంది. అన్నట్టు గడప సంగతి ఉత్త కవిత్వం కాదు. 2011లో రాడ్‌వాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ప్రయోగాలు చేసి చూపింది. అంతే దూరం ఒకే గదిలో నడిచినప్పటికంటే గుమ్మం దాటినప్పుడే మరుపు ఎక్కువట.

అమలాపురం కోడలు: మార్చేశానండీ. ఇక మా అత్తగారికి ఆ గడప చూపిస్తాను.

దింపు బాబు: నాకు మూడు పాదాలూ తోటలో వచ్చాయి. ఇంటికొచ్చేసరికి ఒక్కటే మిగిలింది:

కొబ్బరి దింపు లెక్క కాగితం చూడఁగా

నిర్వాహకులు: 'కొబ్బరి' భగణం తమ్ముడూ, మొదట సూర్యగణం రావాలి. కొ–కా యతీ చెల్లదు. 'కాయ దింపు' అను, రెండూ తీరతాయి. పోయిన పాదాలంటావా, ధారణ, అంటే గుర్తుంచుకునే శక్తి, లేనివాళ్ళకి కాగితమే దిక్కు. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ, యండగండిలో పుట్టిన దివాకర్ల, అదే మన తిరుపతి వేంకట కవులు, అవధానాల్లో అడ్డు ప్రశ్నలేసే అప్రస్తుత ప్రసంగి ఎంత గెలికినా చివర్న పద్యాలన్నీ అప్పజెప్పేవారు. మనకి పెరుగు ప్యాకెట్టు కూడా నిలవదు.

లంక మాస్టారు: మళ్ళీ అదే తోటకి వెళ్ళి అదే చెట్టు కింద నిలబడు. 1975లో గాడెన్, బ్యాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నీళ్ళలో మునిగిన ఈతగాళ్ళకి మాటలు నేర్పితే, గట్టు మీదకంటే నీళ్ళలోనే బాగా గుర్తొచ్చాయి.

దింపు బాబు (మర్నాడు): చెట్టు కింద దొరికాయండీ!

కాయ దింపు లెక్క కాగితం చూడఁగాఁ
దాత తడుముకొనఁగఁ దల్లడిల్లి
ఇద్దఱయ్య మనుమ లిప్పుడాయన రెండు
కళ్ళజోడు వెదకెఁ గళ్ళజోడు

నిర్వాహకులు: ఓహో! మనవలే రెండు కళ్ళు. ఈ వారం నాకు నచ్చింది ఇదే. 'ఇద్దఱయ్య'లో అయ్య మాత్రం గణం నింపడానికే వచ్చాడు, తెలిసిపోతోంది.

లంక మాస్టారు: ఉండనీండి, పెద్దమనిషి. ఇంతకీ జోడు దొరికిందా బాబూ?

దింపు బాబు: దొరికిందండీ. ఈలోగా చిన్నాడు దింపు లెక్క కాగితం ఎక్కడో పెట్టాడు.