సంకోఫా: మరలడమా, తెచ్చుకోవడమా?

ప్రశ్న: ఘనా కళాకారుడు ఎల్ అనాట్సుయి గురించి రాస్తున్న వ్యాసంలో 'సంకోఫా' అనే అకాన్ (ఘనాలోని ఒక జాతి) మాటను 'గతానికి మరలడం' అని తెలుగు చేశాను. ఇది సరిపోతుందా?

జవాబు: సగమే సరిపోతుంది. 'సాన్' అంటే తిరుగు, 'కో' అంటే వెళ్ళు, 'ఫా' అంటే తీసుకో. మూడు క్రియల ఈ వరుసను మన క్త్వార్థకాలు ('తిరిగి', 'వెళ్ళి' వంటి అసమాపక రూపాలు) చక్కగా మోస్తాయి: 'తిరిగి వెళ్ళి తెచ్చుకో'. మీ అనువాదంలో మూడో క్రియ జారిపోయింది. సంకోఫా పక్షి బొమ్మలో మెడ వెనక్కి తిరిగినా ముక్కున గుడ్డు ఉండేది అందుకే. మాటకు మూలమైన సామెత కూడా, మరచినదాన్ని తిరిగి వెళ్ళి తెచ్చుకోవడంలో తప్పులేదనే చెబుతుంది.

అనాట్సుయి విషయంలో ఆ మూడో క్రియే ముఖ్యం. 1944లో అన్యాకోలో పుట్టిన ఆయన ఎవే జాతివాడు, అకాన్ కాడు. కుమాసి కళాశాలలో పాశ్చాత్య పద్ధతిలో చదువుకొని, ఆ తర్వాత విన్నెబాలో బోధిస్తున్న కాలంలో, సంతలో సరుకు పరిచి అమ్మే గుండ్రని చెక్క పళ్ళేలను తీసుకుని, కాల్చిన ఇనుప కడ్డీలతో వాటిపై అకాన్‌ల అదింక్రా చిహ్నాలను (ఒక్కో భావానికి ఒక్కో గుర్తు) వాతలుగా దింపాడు. అంటే ఆయన తెచ్చుకున్నది పుట్టుకతో వచ్చిన సొత్తు కాదు, పెద్దయ్యాక వెతికి పట్టుకున్నది.

1975లో నైజీరియాలోని న్సుక్కా విశ్వవిద్యాలయానికి వెళ్ళాక పగిలిన కుండల రూపాలు చేశాడు. తర్వాత రంపపు యంత్రంతో చెక్కను కోశాడు. 1990ల చివర న్సుక్కా దగ్గర దొరికిన మద్యం సీసాల మూతల సంచితో అసలు మలుపు వచ్చింది. అల్యూమినియం మూతలను సాగగొట్టి, మడిచి, అంచులకు బెజ్జాలు వేసి, రాగి తీగతో ఒకదానికొకటి ముడివేస్తే గోడంత వస్త్రం తయారవుతుంది. వేలాడదీసిన ప్రతిచోటా దాని మడతలు మారుతాయి. తండ్రి కెంటే (ఘనా సంప్రదాయ చేనేత వస్త్రం) నేసినవాడు కాబట్టి చాలామంది అక్కడే ఆగిపోతారు గానీ, ఆఫ్రికాకు మద్యం తెచ్చిన ఐరోపా వర్తకుల బానిస వ్యాపారం కూడా ఆ మూతల్లో ఉందని ఆయనే చెప్పాడు. 2015లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన ఆయనకు జీవిత సాఫల్య స్వర్ణ సింహాన్ని ఇచ్చింది.

కాబట్టి 'మరలడం' తీసేయండి. 'గతం' అన్న మాట మూలంలో లేనే లేదు. శీర్షికలో 'సంకోఫా' అనే ఉంచి, తొలి ప్రస్తావనలో 'తిరిగి వెళ్ళి తెచ్చుకోవడం' అని వివరిస్తే చాలు. 'తీసుకోవడం' కన్నా 'తెచ్చుకోవడం' మేలు, ఎందుకంటే వెళ్ళినవాడు వెనక్కి వచ్చాడన్న సంగతి అందులోనే ఉంది.