మెనూ లింకు ముందు స్లాష్ (/) పెట్టాలా, వద్దా? కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఏది చెప్పాలి?

గాజువాక విద్యార్థిని
నమస్కారం అండి. నేను డిప్లొమా రెండో ఏడాది. మినీ ప్రాజెక్టుకి మన వైజాగ్‌లో, చుట్టుపక్కల చూడాల్సిన చోట్ల మీద హెచ్‌టీఎంఎల్‌లో చిన్న సైట్ చేస్తున్నాను. డెస్క్‌టాప్ మీద ‘వైజాగ్’ అనే ఫోల్డర్ ఉంది. అందులో ఇండెక్స్, కైలాసగిరి, కాంటాక్ట్ పేజీలు. దాని లోపల ‘ఏజెన్సీ’ అని ఇంకో ఫోల్డర్, అందులో అరకు, బొర్రా పేజీలు. మెనూ ఒకసారి రాసి అన్ని పేజీల్లోనూ కాపీ చేశాను.

ఇండెక్స్ నుంచి అన్నీ తెరుచుకున్నాయి. అరకు పేజీలోకి వెళ్లాక మాత్రం మెనూలో ఏది నొక్కినా ఫైల్ లేదంటోంది. ల్యాబ్‌లో ఒక సర్ "ప్రతి లింకు ముందు స్లాష్ పెట్టు" అన్నారు. పెడితే ఇప్పుడు ఇండెక్స్ నుంచి కూడా ఏదీ రావడం లేదు. మా సీనియర్ అక్కేమో "స్లాష్ అసలు పెట్టకూడదు" అంటోంది. సోమవారం చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినను?

ద్వారకానగర్ మాస్టారు
అక్క మాట విను అమ్మా. నువ్వు ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరుస్తున్నావు కదా. అలా తెరిచినప్పుడు మొదటి స్లాష్ అంటే నీ వైజాగ్ ఫోల్డర్ కాదు, సీ డ్రైవ్ మొదలు. కాంటాక్ట్ నొక్కితే బ్రౌజర్ నేరుగా సీ డ్రైవ్‌లోకి పోయి వెతుకుతుంది. నొక్కాక పైన అడ్రస్ బార్ చదువు, అక్కడే కనబడుతుంది.

మొదట వచ్చిన తప్పు వేరు. స్లాష్ లేని దారిని బ్రౌజర్ ఇప్పుడున్న పేజీ ఏ ఫోల్డర్‌లో ఉందో అక్కడి నుంచి లెక్కపెడుతుంది. అరకు పేజీ ఏజెన్సీ లోపల ఉంది. అక్కడి నుంచి కాంటాక్ట్ అడిగితే ఏజెన్సీలోనే వెతుకుతుంది. బొర్రా నొక్కి చూడు, అడ్రస్‌లో ఏజెన్సీ అనే మాట రెండుసార్లు వస్తుంది. అరకు, బొర్రా పేజీల మెనూలో ప్రతి దారి ముందు స్లాష్ తీసేసి ../ చేర్చు. ఒక మెట్టు పైకి రమ్మని దాని అర్థం. ఇండెక్స్, కైలాసగిరి, కాంటాక్ట్ పేజీల్లో స్లాష్‌లు తీసేస్తే చాలు.

మధురవాడ డెవలపర్
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఇలా నేర్పితే తర్వాత మేం మళ్లీ నేర్పాల్సి వస్తోంది. ఆ అమ్మాయి మెనూ ఒకటే రాసి అన్ని పేజీల్లో పెట్టాలనుకుంది. అది సరైన ఆలోచన. మీ పద్ధతిలో ఫోల్డర్ లోతును బట్టి ఒక చోట ../, ఇంకో చోట ../../ అని మార్చుకుంటూ పోవాలి. రేపు ఒక పేజీని ఇంకో ఫోల్డర్‌లోకి జరిపితే దాని లింకులన్నీ పోతాయి.

ఊళ్లో ఎక్కడ నిలబడ్డా జగదాంబ జంక్షన్ నుంచి దారి చెబితే ఎవరైనా వచ్చేస్తారు. ‘ఈ సందు చివర ఎడమకి’ అంటే ఆ సందులో ఉన్నవాళ్లకే పనికొస్తుంది. స్లాష్ అంటే జగదాంబ. ఇంకో సంగతి, అడ్రస్ ‘అరకు’తో ముగిస్తే ఒక లెక్క, ‘అరకు/’ అని స్లాష్‌తో ముగిస్తే ఇంకో లెక్క. స్లాష్ లేని లింకు ఆ రెండింటి నుంచి రెండు వేరే చోట్లకి పోతుంది. ఈ తప్పు పట్టుకోవడానికి అనుభవం ఉన్నవాళ్లకే గంటలు పడుతుంది.

డబుల్ క్లిక్ మానేసి మొదటి రోజే కోడ్ రాసే వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ పెట్టించండి, అది మన కంప్యూటర్‌లోనే సైట్‌ని నెట్‌లో ఉన్నట్టు తెరుస్తుంది. పైథాన్ ఉంటే ఒక్క లైన్ ఆదేశంతో 8000 పోర్టులో సర్వర్ లేస్తుంది. అప్పుడు స్లాష్ అంటే మన సైట్ ఫోల్డరే, సరిగ్గా పనిచేస్తుంది.

ద్వారకానగర్ మాస్టారు
జగదాంబ పోలిక బాగుంది, పిల్లలకి చెబుతాను. కానీ వీళ్లు సైట్ పెట్టేది ఎక్కడ? ఎక్కువమంది సైట్లు నెట్‌లో పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో. అక్కడ ప్రాజెక్టు సైట్ యూజర్ అడ్రస్ కింద, రిపాజిటరీ (అక్కడ మన ప్రాజెక్టు ఫోల్డర్) పేరుతో ఉంటుంది. స్లాష్ పెడితే ఆ పేరు దాటి పైకి పోయి 404, అంటే పేజీ లేదనే తప్పు వస్తుంది. మీరు చెప్పిన జగదాంబ అక్కడ ఈ ఊళ్లోనే ఉండదు.

ఇక సోమవారం సంగతి. ఎగ్జామినర్ పెన్‌డ్రైవ్ పెట్టించి డబుల్ క్లిక్ చేస్తారు. ఆ కంప్యూటర్‌లో సర్వర్ ఎవరు పెడతారు? లింకు పనిచేయక ఒక పిల్ల అందరి ముందూ నిలబడిపోతే ఆ తర్వాత కోడ్ ముట్టుకోవడానికే భయపడుతుంది. నేను అలాంటివాళ్లని చూశాను.

అక్కయ్యపాలెం
లింకులన్నీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చెప్పే బేస్ ట్యాగ్ ఒకటి పైన పెట్టేస్తే ఈ గొడవే ఉండదు కదా?

మధురవాడ డెవలపర్
వద్దండి. బేస్ పెడితే # తో అదే పేజీలో కిందికి దిగే లింకులు కూడా దాని ప్రకారమే లెక్కవుతాయి. ఉన్న పేజీ వదిలి ఇంకో పేజీకి పోతాయి. కొత్తవాళ్లకి అది ఇంకా అయోమయం.

సీతమ్మధార
ఒక చిన్న సవరణ. స్లాష్‌తో మొదలైనదీ, లేనిదీ రెండూ రిలేటివ్ దారులే, అంటే ఉన్న పేజీ అడ్రస్‌ని బట్టి లెక్కయ్యేవే. ఇంటర్నెట్ నియమాల పత్రాలైన ఆర్‌ఎఫ్‌సీల్లో, 1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1808లోనూ, 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3986లోనూ రెండింటికీ నియమాలు ఉన్నాయి. ఒకటి సరైనది, ఇంకోటి తప్పు అని చెప్పడం అన్యాయం. పేజీని ఎలా తెరుస్తున్నాం, చివరికి ఎక్కడ పెడుతున్నాం అనేదే అసలు విషయం.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో స్లాష్ కంటే ఎక్కువగా కనబడే తప్పులు వేరే ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర డాట్ టీఎక్స్‌టీ చేరిపోతుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన కోడ్ కాపీ చేస్తే మామూలు కోట్స్ బదులు వంకర కోట్స్ వస్తుంటాయి. హెచ్‌టీటీపీఎస్ రాయకుండా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో మొదలుపెడితే బ్రౌజర్ దాన్ని మన ఫోల్డర్‌లో ఫైల్ పేరనుకుంటుంది. అన్నిటికంటే ముందు పెద్ద అక్షరం, చిన్న అక్షరం చూసుకోండి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లినక్స్ సర్వర్ పట్టించుకుంటుంది.

గాజువాక విద్యార్థిని
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. స్లాష్‌లు తీసేసి, ఏజెన్సీ పేజీల్లో ../ పెట్టాను. పెన్‌డ్రైవ్‌లో వేసి మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో చూశాను, అన్నీ వస్తున్నాయి. గిట్‌హబ్‌లో పెడితే బొర్రా ఒక్కటే 404. సీతమ్మధార వారు చెప్పిందే. ఫైల్ పేరులో బీ పెద్దది, లింకులో చిన్నది. మార్చాక వచ్చింది. సోమవారం అయ్యాక లైవ్ సర్వర్ కూడా నేర్చుకుంటాను అన్నా.

మధురవాడ డెవలపర్
తప్పకుండా తల్లీ. అప్పుడు వీఎస్ కోడ్‌లో తెరవాల్సింది వైజాగ్ ఫోల్డర్‌ని, డెస్క్‌టాప్‌ని కాదు. డెస్క్‌టాప్ తెరిస్తే స్లాష్ అంటే డెస్క్‌టాప్ అయిపోతుంది, మళ్లీ ఇదే కథ. మాస్టారూ, సోమవారం వరకూ మీ మాటే సరి. మంగళవారం నుంచి స్లాష్ నేర్పండి.

ద్వారకానగర్ మాస్టారు
మంగళవారం కాదు బాబూ. వాళ్లంతట వాళ్లే అడ్రస్ బార్ చదివి తప్పు ఎక్కడుందో చెప్పగలిగిన రోజు నేర్పుతాను.