స్పీడ్ కెమెరాలు: ప్రాణాల కోసమా, పైసల కోసమా?

శంషాబాద్_క్యాబ్: ఎయిర్‌పోర్ట్ ట్రిప్ చేస్తే చేతిలో ఎంత మిగులుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. చలానా 1000, పైన సర్వీస్ చార్జి 35. కెమెరా ఉందని బోర్డు కూడా లేదు. పోలీసు ఆపితే కనీసం నా మాట చెప్పుకునేవాణ్ని.

పద్మ_ఉప్పల్: బోర్డు లేకపోతే లిమిట్ లేనట్టా అన్నా? 2019 నవంబర్‌లో హైదరాబాద్ బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీంచి కారు కిందపడింది. ఫ్లైఓవర్ తెరిచి మూడు వారాలు కూడా కాలేదు. అక్కడ లిమిట్ 40. కింద రోడ్డు పక్కన నిలబడ్డ ఆవిడ చనిపోయింది.

శంషాబాద్_క్యాబ్: నేనడిగింది బోర్డు గురించి. 2021లో కేంద్రం తెచ్చిన 167ఏ రూల్ ప్రకారం కెమెరా నిఘా ఉన్న చోట ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, 15 రోజుల్లో నోటీసు రావాలి. రూల్ మాకేనా, వాళ్లకు లేదా?

చిక్కడపల్లి_మూర్తి: నేను బండి అమ్మేశాను. కొన్నతను పేరు మార్పించుకోలేదు. చలానాలన్నీ నాకే వస్తున్నాయి.

పద్మ_ఉప్పల్: అది ఆర్సీ సమస్య మూర్తి గారూ.

కూకట్‌పల్లి_రవి: 2023 డిసెంబర్‌లో పాత చలానాల మీద బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. టైముకి కట్టిన నాకేం ఒరిగింది? అసలు ఓఆర్ఆర్ (సిటీ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) మీద లిమిట్ 120 చేశారు కదా, సిటీలో కూడా పెంచాలి.

పద్మ_ఉప్పల్: ఓఆర్ఆర్‌ని ఎవరైనా నడిచి దాటుతారా? బోర్డు, డిస్కౌంట్, ఆర్సీ... రోడ్డు దాటే మనిషి ఊసే లేదు! మా అమ్మను కారు గుద్ది వెళ్లిపోయింది. నంబర్ ఎవరూ చూడలేదు. ఆమె ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేదు. 60లో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, 80లో అయితే 22. బ్రేకు మీద కాలు పడేలోపే మనిషి కింద ఉంటారు.

శంషాబాద్_క్యాబ్: అమ్మగారి సంగతి విని బాధేసింది మేడమ్. కానీ గుద్దింది నేను కాదు కదా, నా మీద అరుస్తారేంటి? వెనక కూర్చున్నాయన ఫ్లైట్ మిస్సవుతుంది, తొందరగా పోనీ అంటాడు. మెల్లగా పోతే రేటింగ్ తగ్గిస్తాడు. స్పీడుగా పోతే చలానా నా మీదే. ఆ వెయ్యి పెద్ద కార్లవాళ్లకు లెక్కలోకి రాదు. మా ఇంట్లో అది సరుకుల డబ్బు. కెమెరాలు తీసేయమని నేనెక్కడా అనలేదు.

పద్మ_ఉప్పల్: అయితే తొందరపెట్టిన కస్టమర్‌ని అడగండి, రేటింగ్ పెట్టిన కంపెనీని అడగండి. నడిచేవాళ్ల ప్రాణం మీద ఆ టైము మిగుల్చుకోకండి.

శంషాబాద్_క్యాబ్: అడుగుతాం. బోర్డు మాత్రం పెట్టాల్సిందే.