కమడోర్ 64 ఎమ్యులేటర్‌లో జాయ్‌స్టిక్ సమస్య: ముందు కదలలేదు, ఇప్పుడు ఎడమకు పోతూనే ఉంది

ప్రశ్న

నమస్కారం. కమడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్ ఆటల కోసం, దాన్ని నేటి కంప్యూటర్‌లో అనుకరించే వైస్ ఎమ్యులేటర్‌ను పెట్టుకుని, దానికి ఒక యూఎస్‌బీ కంట్రోలర్‌ను కలిపాను. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని పరీక్ష విండోలో బటన్లూ, స్టిక్కులూ అన్నీ సవ్యంగానే పనిచేస్తున్నాయి. ఎమ్యులేటర్ కూడా కంట్రోలర్ పేరును జాబితాలో చూపిస్తోంది. అయినా ఆటలో పాత్ర ఉన్నచోటి నుంచి కదలడం లేదు. అంతకంటే వింత ఏమిటంటే, ఆటేదీ ఎక్కించకుండా బేసిక్ తెర (ఆదేశాలు టైపు చేసే తొలి తెర) మీద ఉన్నప్పుడు స్టిక్‌ను పైకి తోస్తే 1, కుడికి తోస్తే 2 అచ్చవుతున్నాయి; ఫైర్ బటన్ నొక్కితే కర్సర్ ఖాళీలు వదులుతూ ముందుకు జరుగుతోంది. కీబోర్డుకు సంబంధించిన అమరికలను నేను ఏమీ మార్చలేదు. లోపం కంట్రోలర్‌లో ఉందా, డ్రైవర్‌లో ఉందా, ఎమ్యులేటర్‌లో ఉందా అన్నది తేల్చుకునే మార్గం చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు వింత అన్న ఆ అంకెలే అసలు ఆధారం. మీ కంట్రోలర్‌లో లోపమేమీ లేదు, అది యంత్రానికున్న రెండు జాయ్‌స్టిక్ పోర్టులలో ఒకటోదానికి కలిసి ఉంది, అంతే. 1982లో వచ్చిన ఈ యంత్రంలో జాయ్‌స్టిక్ పోర్టులకు విడిగా తీగలు వేయకుండా, కీబోర్డును చదివే చిప్పు తీగలనే వాటికీ పంచారు. అందువల్ల ఒకటో పోర్టులో జాయ్‌స్టిక్‌ను పైకి తోసినప్పుడు 1 మీటను, కుడికి తోసినప్పుడు 2 మీటను, ఫైర్ నొక్కినప్పుడు స్పేస్ బార్‌ను ఎవరో నొక్కినట్టుగా యంత్రం భ్రమపడుతుంది. ఎడమకు తోస్తే కంట్రోల్ మీట నొక్కినట్టే కాబట్టి తెర మీద ఏమీ అచ్చు కాదు. ఈ చిక్కు వల్లనే చాలామంది ఆటల రచయితలు ఒంటరి ఆటగాడికి రెండో పోర్టును ఎంచుకున్నారు. ఎమ్యులేటర్‌లో ఈ ప్రవర్తన కనిపించడం లోపం కాదు, అసలు యంత్రాన్ని నమ్మకంగా అనుకరిస్తోందనడానికి గుర్తు.

సెట్టింగులలో కంట్రోలర్‌ను రెండో పోర్టుకు మార్చండి. ఆట తెరవకముందే ఈ ఒక్క వరుసను టైపు చేసి నడపండి (ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి):

10 ప్రింట్ పీక్(56320) : గోటూ 10

ఇది రెండో పోర్టు స్థితిని సంఖ్యగా చూపిస్తూనే ఉంటుంది. ఏమీ ముట్టుకోనప్పుడు 127 కనిపించాలి. పైకి తోస్తే 126, కిందికి 125, ఎడమకు 123, కుడికి 119, ఫైర్‌కు 111 రావాలి. నొక్కినప్పుడు ఆ దిక్కుకు చెందిన బిట్ (సంఖ్యలో 0 లేదా 1 ఉండే ఒక స్థానం) సున్నా అవుతుంది కాబట్టి సంఖ్య తగ్గుతుంది. ఈ సంఖ్యలు సరిగా వస్తుంటే కంట్రోలర్ నుంచి యంత్రం దాకా దారి బాగున్నట్టే. అప్పుడు వెతకవలసింది ఆటలోని మెనూలోనే.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలు, పోర్టు మార్చగానే పాత్ర కదిలింది. అయితే నాలుగైదు నిమిషాలు ఆడాక ఇంకో సమస్య ఎదురైంది. స్టిక్‌ను వదిలేసినా పాత్ర ఎడమవైపుకే పోతోంది. మీరు చెప్పిన వరుసను నడిపితే స్థిరంగా 123 కనిపిస్తోంది, కుడికి తోస్తే 115 వస్తోంది. ఎమ్యులేటర్‌ను మూసి తెరిస్తే కాసేపు అంతా బాగుంటుంది. ప్రయోగాలలో భాగంగా, ఎదురెదురు దిక్కులను ఒకేసారి అనుమతించే గడిని నేను ఇంతకుముందే టిక్ చేసి ఉంచానని కూడా చెప్పాలి.

రెండో సమాధానం

స్టిక్ అరిగిపోయి మధ్యకు సరిగా తిరిగి రావడం లేదేమో. డెడ్ జోన్‌ను (మధ్యలో చిన్న కదలికలను పట్టించుకోని మేరను) కొంచెం పెంచి చూడండి.

మూడో సమాధానం

పై సలహా సాధారణంగా సరైనదే కానీ ఇక్కడ పొసగదు. అరిగిన స్టిక్ అయితే సంఖ్య 127కీ 123కీ మధ్య ఊగుతుంది, కుడికి గట్టిగా తోసినప్పుడు ఎడమ సంకేతం ఆగిపోతుంది కూడా. మీకు వచ్చిన 115ను చూడండి: 127లోంచి ఎడమకు 4, కుడికి 8 తీసేస్తే మిగిలేది అదే. ఒకే స్టిక్ ఒకే క్షణంలో ఎడమకూ కుడికీ వాలలేదు కాబట్టి, ఎడమ అనే సంకేతం మరెక్కడి నుంచో వస్తోంది. మీరు ఆ గడిని టిక్ చేసి ఉంచడం మన అదృష్టం. లేకుంటే ఈ ఆధారం దొరికేది కాదు.

నా అనుమానం వేళ్ళ కింద ఉండే ట్రిగ్గర్ల మీద. చాలా కంట్రోలర్లలో ట్రిగ్గర్ మామూలు బటన్ కాదు, స్టిక్ లాగే అది కూడా ఒక యాక్సిస్, అంటే ఎంత మేర కదిలిందో సంఖ్యగా చెప్పే సంకేతం. స్టిక్ యాక్సిస్ విశ్రాంతిలో దాదాపు సున్నా దగ్గర ఉంటే, ట్రిగ్గర్ యాక్సిస్ విశ్రాంతిలోనే అటు చివర, అంటే -32768 దగ్గర ఉంటుంది. ఆ యాక్సిస్‌ను కుడి ఎడమలకు ముడిపెడితే, ఎవరూ ముట్టుకోని ట్రిగ్గర్‌ను ఎమ్యులేటర్ పూర్తిగా ఎడమకు వాల్చిన స్టిక్‌గా చదువుతుంది. కొన్ని వ్యవస్థలలో ట్రిగ్గర్‌ను మొదటిసారి ముట్టుకునేదాకా దాని విలువ సున్నాగానే అందుతుంది. అందుకే ఎమ్యులేటర్ తెరిచిన కొత్తలో అంతా బాగుండి, ఆటలో వేలు పొరపాటున ఒకసారి దాని మీద పడ్డాక సమస్య మొదలవుతుంది. ఎమ్యులేటర్‌ను తిరిగి తెరిచి, ఎడమ ట్రిగ్గర్‌ను ఒక్కసారి నొక్కి వదలండి. వెంటనే 123 వస్తే అమరికల విండోలో మొదటి రెండు యాక్సిస్‌లకు తప్ప మిగిలిన వాటికి ఏ దిక్కూ లేకుండా చేయండి.

ప్రశ్న వేసినవారు

అక్షరాలా అదే జరిగింది. ఎడమ ట్రిగ్గర్‌ను నొక్కి వదలగానే 127 కాస్తా 123 అయింది. కుడి ట్రిగ్గర్‌ను కూడా ముట్టుకుంటే దానికి పైదిక్కు తోడై 122 వచ్చింది. మూడో యాక్సిస్ నుంచి అన్నింటినీ ఖాళీ చేశాను, గంటసేపు ఆడినా మళ్ళీ పాత్ర దానంతట అది నడవలేదు. ఒక చిన్న సందేహం మాత్రం మిగిలింది: కంట్రోలర్‌కు ఇన్ని బటన్లు ఉన్నా గెంతడానికి ఒక్కటీ పనిచేయదు, స్టిక్‌ను పైకే తోయవలసి వస్తోంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఆనాటి జాయ్‌స్టిక్‌లకు సాధారణంగా ఉన్నది ఒకే ఫైర్ బటన్. దాన్ని కాల్పులకు వాడేశాక గెంతడానికి పైదిక్కే మిగిలింది. అమరికల విండోలో వాడని ఒక బటన్‌కు పైదిక్కును కేటాయించండి. నిచ్చెనలు ఎక్కే ఆటల్లోనూ ఆ బటన్ పైదిక్కుగానే పనిచేస్తుంది, కంగారు పడకండి.

ఇదే కంట్రోలర్‌ను జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే మరో పాత కంప్యూటర్ ఎమ్యులేటర్‌లో వాడేటట్లయితే ఈ లెక్కలను అక్కడ పెట్టకండి. అక్కడ జాయ్‌స్టిక్‌ను కలిపే కెంప్‌స్టన్ అనే పద్ధతిలో 31వ నంబరు ఇన్‌పుట్ పోర్టును చదవాలి, నొక్కినప్పుడు బిట్ సున్నా కాదు, ఒకటి అవుతుంది: కుడి 1, ఎడమ 2, కింద 4, పైన 8, ఫైర్ 16. ఆటలో కెంప్‌స్టన్‌ను ఎంచుకుని ఎమ్యులేటర్‌లో మాత్రం దాన్ని కలపకపోతే, ఆ పోర్టులో అర్థం లేని విలువలు చదివి పాత్ర పిచ్చిపట్టినట్టు గెంతుతుంది. అక్కడ ట్రిగ్గర్లను అనుమానించే ముందు ఆ అమరికను చూడండి.