జొహన్నెస్‌బర్గ్ – లండన్ రాత్రి విమానం: ప్రీమియం ఎకానమీకి డబ్బు పెట్టాలా, వద్దా?

పెట్టేబేడా:
సూటిగా అడుగుతున్నాను. జొహన్నెస్‌బర్గ్ నుంచో కేప్‌టౌన్ నుంచో లండన్‌కి తిరుగు ప్రయాణం. పదకొండు గంటలు, కేప్‌టౌన్ నుంచైతే ఇంకాస్త ఎక్కువ. ఎక్కువగా రాత్రి విమానాలే: చీకటిపడ్డాక ఎక్కితే తెల్లారేసరికి హీత్రో. రెండు దేశాలకీ గడియారం తేడా లండన్‌లో వేసవైతే గంట, చలికాలమైతే రెండు గంటలు. కాబట్టి జెట్‌లాగ్ బెడద లేదు, పోయేదల్లా ఒక్క రాత్రి నిద్ర. ఆ ఒక్క రాత్రి కోసం ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య ఉండే ప్రీమియం ఎకానమీకి అదనంగా పెట్టాలా? లేక ఎకానమీలోనే కాళ్లు చాపుకునే సీటు కొనుక్కుంటే సరిపోతుందా? బిజినెస్ క్లాసు సంగతి ఎత్తొద్దు. ఆ డబ్బుంటే అసలు ఈ గొడవే లేదు.

నడవాసీటు:
వద్దనే చెబుతాను. పదకొండు గంటల విమానంలో నిద్రకి పదకొండు గంటలూ దొరకవు. ఎగిరాక గంట, గంటన్నరకి భోజనం. ట్రేలు తీసి లైట్లు ఆర్పేసరికి రెండున్నర గంటలు అయిపోతాయి. దిగడానికి గంటన్నర, రెండు గంటల ముందు లైట్లు వేసి టిఫిన్ పెడతారు. మిగిలేది ఆరున్నర గంటలు, మహా అయితే ఏడు. ఆ ఏడు గంటలూ ప్రీమియం సీటు మిమ్మల్ని పడుకోబెట్టదు, కొంచెం వాలుగా కూర్చోబెడుతుంది, అంతే. పైగా చాలా సీట్లలో ట్రే చేతిపట్టీలోనే (ఆర్మ్‌రెస్ట్) ఉంటుంది కాబట్టి ఆ పట్టీ పైకి లేవదు. పక్క సీటు ఖాళీగా ఉన్నా ఒరిగి పడుకునే వీల్లేదు. అదే ఎకానమీలో మూడు సీట్లు ఖాళీ దొరికితే పట్టీలు ఎత్తేసి ఒళ్లు వాల్చొచ్చు. లాంజ్ కూడా రాదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటి చోట సీటు ముందే ఎంచుకోవాలంటే ప్రీమియంలో కూడా విడిగా డబ్బు కట్టాలి. చాలామందికి ఆ సంగతి టికెట్ కొన్నాక తెలుస్తుంది.

లెక్కలమాస్టారు:
నడవాసీటు గారూ, ఖాళీ వరుసల్ని నమ్ముకుని ప్లాన్ వేయడమంటే గాల్లో మేడలు కట్టడమే. డిసెంబరు, జనవరిలో దక్షిణాఫ్రికా నుంచి ఖాళీగా బయలుదేరే విమానం చూపించండి. మే, జూన్‌లో అయితే మీ మాటకి కొంత విలువుంది.

కొలతలతో మాట్లాడుకుందాం. సీట్ పిచ్ అంటే మీ సీటు మీద ఒక చోటు నుంచి ముందు సీటు మీద అదే చోటు వరకు ఉన్న దూరం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎకానమీలో అది 31 అంగుళాలు, ప్రీమియంలో 38. అందరూ ఈ ఏడు అంగుళాల గురించే మాట్లాడతారు గానీ నిద్రకి అంతకంటే ముఖ్యమైనది అడ్డంగా ఉండే చోటు. బోయింగ్ 777 విమానం ఎకానమీలో వరుసకి పది సీట్లు, 3-4-3. అదే విమానంలో ప్రీమియంలో ఎనిమిది, 2-4-2. విమానం గొట్టం వెడల్పు ఒకటే, అందులో ఇద్దరు తగ్గారు. సీటు కొలతలో తేడా అంగుళం చిల్లరే కనిపిస్తుంది, ఎందుకంటే మిగతా చోటు మధ్య పట్టీలకీ నడవాలకీ పోతుంది. కానీ భుజాలు తగలకుండా చేసేది ఆ వెడల్పు పట్టీలే. నిద్రలో మనిషిని లేపేది మోకాలి కంటే పక్కవాడి భుజమే ఎక్కువ.

ఇంకో సంగతి: 2-4-2లో ఏ సీటులో కూర్చున్నా లేచి బయటికి రావడానికి మహా అయితే ఒక్కరినే దాటాలి. 3-4-3లో కిటికీ పక్కనున్నవారు ఇద్దర్ని లేపాలి. ఇద్దరు కలిసి వెళ్తుంటే కిటికీ వైపు జంట సీట్లు చాలు, మూడో మనిషితో పని లేదు.

నడవాసీటు:
జంటలకైతే ఒప్పుకుంటాను. ఒంటరిగా వెళ్లేవారి సంగతి చెప్పండి. వారికి ఎకానమీలో అత్యవసర ద్వారం పక్క సీటు చాలదా?

లెక్కలమాస్టారు:
కాళ్లకి చాలు, నడుముకి చాలదు. ఆ వరుసల్లో స్క్రీన్, ట్రే రెండూ చేతిపట్టీల్లోకి వెళ్తాయి కాబట్టి కూర్చునే చోటు ఇంకా ఇరుకవుతుంది. ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు స్క్రీన్ మడిచేయాలి, బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకోకూడదు. ద్వారం దగ్గర పాదాలకి చలి కొడుతుంది. చాలా విమానాల్లో టాయిలెట్ క్యూ అక్కడే నిలబడుతుంది. గోడ ముందు వరుసలో ఐతే ఉయ్యాల తగిలించే కొక్కేలుంటాయి, అంటే పసిపిల్లలు దాదాపు ఖాయం. అలాంటి సీటుకి డబ్బు కట్టే ముందు ప్రీమియంకీ దానికీ అసలు తేడా ఎంతో చూసుకోండి.

చూసుకోవడం ఇలా. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలే, మీ టికెట్‌వి మీరు వేసుకోండి. ధర తేడా 7,000 రాండ్లు. ఎకానమీలో రెండో బ్యాగుకి 2,000, మంచి సీటుకి 1,500 ఎలాగూ కట్టేవారైతే అసలు తేడా 3,500. దాన్ని పదకొండుతో భాగించకండి, నిద్ర దొరికే ఆరు గంటలతో భాగించండి. గంటకి 580 పైచిలుకు. ప్రీమియంలో సీటు రుసుము ఉంటే అది మళ్లీ కలపాలి, ఆ మాట నడవాసీటు గారు సరిగ్గానే చెప్పారు. రెండో బ్యాగు అక్కర్లేని వారికి ఈ లెక్క ఒక్కసారిగా తలకిందులవుతుంది.

పగటిప్రయాణం:
మీరిద్దరూ రాత్రి గురించే కొట్టుకుంటున్నారు. అసలు ప్రీమియం పనికొచ్చేది పగలు. మెలకువగా పదకొండు గంటలు కూర్చోవాలంటే కావాల్సింది మంచి కుర్చీ, ప్రీమియం అమ్మేది అదే. రాత్రికి కావాల్సింది మంచం, అది ప్రీమియంలో లేదు. కొన్ని సీజన్లలో కేప్‌టౌన్ నుంచి ఉదయం బయలుదేరి సాయంత్రం లండన్ చేరే విమానం కూడా ఉంటుంది. గడియారం తేడా తక్కువ కాబట్టి దానిలో వచ్చి రాత్రి సొంత మంచం మీద పడుకోవచ్చు. అలాంటి విమానం దొరికితే డబ్బు అక్కడ పెట్టండి. లేదా ఆ విమానంలో ఎకానమీలోనే వచ్చేయండి, రాత్రి నిద్ర పోగొట్టుకునే ప్రశ్నే లేదు.

లెక్కలమాస్టారు:
రెండో సలహా బాగుంది, మొదటిదానితో ఏకీభవించను. పగలైతే లేచి తిరగొచ్చు, సినిమా చూడొచ్చు, ఎకానమీని ఓర్చుకోవచ్చు. రాత్రి ముందు సీటు మీ ముఖం మీదికి వాలుతుంది, పక్కవారు నిద్రలో మీ మీద ఒరుగుతారు, వాళ్లని లేపలేక మీరు కదలకుండా ఉంటారు. ఎకానమీ అసలు చుక్కలు చూపించేది రాత్రే. పూర్తి మంచం దొరకదని నేల మీద పడుకోం కదా.

రూల్‌బుక్:
వాదన మీది, పన్ను సంగతి నేను చెబుతాను. లండన్ నుంచి బయలుదేరేటప్పుడు బ్రిటన్ ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ ఉంటుంది. ఆ విమానంలో అన్నిటికన్నా కింది తరగతికి, అదీ సీట్ పిచ్ 40 అంగుళాలు దాటకపోతే, తక్కువ రేటు. ప్రీమియం ఎకానమీకి పై రేటు పడుతుంది. ఇంత దూరపు ప్రయాణాలకి అది కింది రేటుకి రెండింతల పైనే. ఆఫ్రికా నుంచి వచ్చేటప్పుడు ఆ డ్యూటీ లేదు. దక్షిణాఫ్రికా వసూలు చేసే అంతర్జాతీయ ప్రయాణ పన్ను 190 రాండ్లు, తరగతి ఏదైనా అంతే.

కాబట్టి ఒక వైపే ప్రీమియం తీసుకోవాలనుకుంటే అది తిరుగు వైపు కావాలి. వెళ్లేటప్పుడు ఎకానమీ, వచ్చేటప్పుడు ప్రీమియం అని ఒకే టికెట్లో కలిపి కొనొచ్చు. వెబ్‌సైట్లో ఒక్కో వైపుకీ తరగతి మార్చి చూడండి. రెండు వన్‌వేలుగా మాత్రం కొనకండి, కొన్ని ఎయిర్‌లైన్లలో వన్‌వే ధర రానుపోను ధరని మించిపోతుంది.

పెట్టేబేడా:
ఇది తెలియదు, మంచి సంగతి. ఇక రెండో బ్యాగు. కేప్‌టౌన్ నుంచి వైన్ తెచ్చుకునేవారు చాలామంది. అది లెక్కలోకి వస్తుందా?

లెక్కలమాస్టారు:
భేషుగ్గా వస్తుంది. ప్రీమియంలో సాధారణంగా 23 కిలోల బ్యాగులు రెండు. నిండు వైన్ సీసా 1.2 నుంచి 1.3 కిలోలు, అడుగు మందంగా ఉన్న ఖరీదైన సీసాలైతే ఇంకా ఎక్కువ. పన్నెండు సీసాలు పదహారు కిలోల దాకా. నురగ అచ్చుల అట్టపెట్టెతో కలిపినా 23 లోపే. బ్రిటన్‌లోకి పన్ను లేకుండా మామూలు వైన్ మనిషికి 18 లీటర్లు తేవచ్చు, అంటే 24 సీసాలు. ఒక బ్యాగు బట్టలకి పోతే బరువు పరిమితే ముందు అడ్డొస్తుంది, కస్టమ్స్ పరిమితి కాదు.

రూల్‌బుక్:
దానికి తోకగా: దక్షిణాఫ్రికా వ్యాట్ 15 శాతం. పర్యాటకులు కొన్న సరుకు మొత్తం విలువ 250 రాండ్లు దాటి, పన్ను ఇన్‌వాయిస్‌లు ఉంటే, 90 రోజుల్లోపు దేశం దాటిస్తే వాపసు అడగొచ్చు, సేవా రుసుము మినహాయించుకుంటారు. జనం తప్పు చేసే చోటు ఒకటే. లగేజీలో వేసే సరుకుని చెక్-ఇన్‌కి ముందే తనిఖీ కౌంటర్లో చూపించాలి. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక లోపల కౌంటర్ దగ్గర ఏడ్చినా పని కాదు. అన్నట్టు, బిల్టాంగ్ (అక్కడి ఎండుమాంసం) వద్దు. ఆ దేశం నుంచి మాంసం ఉత్పత్తులు బ్రిటన్‌లోకి తేవడం నిషేధం, ప్యాకెట్ సీలు చేసున్నా సరే.

రన్‌వే:
ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నలో విమానం పనితనం ఎవరూ చూడలేదు. ఈ దారి భూమధ్యరేఖని దాటుతుంది. అక్కడ రెండు అర్ధగోళాల గాలులు కలిసే మేఘాల పట్టీ జనవరిలో దక్షిణానికి, జాంబియా, కాంగో మీదికి దిగుతుంది. జులైలో ఉత్తరానికి, సహారా ఎడారి దక్షిణపు అంచైన సాహెల్ వైపు జరుగుతుంది. కాబట్టి జనవరిలో కుదుపులు భోజనం వేళకే మొదలవ్వొచ్చు, జులైలో నడిరాత్రి నిద్రలో. తోకభాగం ఎక్కువ ఊగుతుంది, రెక్కల దగ్గర తక్కువ. ప్రీమియం సాధారణంగా రెక్కల ముందో పైనో ఉంటుంది, తోక దగ్గర ఉండటం అరుదు. కుదుపు మొదలైతే సిబ్బంది బెల్టులు చూసుకుంటూ వస్తారు. బెల్టుని దుప్పటి మీద కనిపించేలా పెట్టుకుంటే మిమ్మల్ని లేపరు. ఏ తరగతికైనా పనికొచ్చే చిట్కా ఇది, పైసా ఖర్చు లేదు.

ఇంకోటి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 విమానాల్లో క్యాబిన్ గాలి ఒత్తిడి 6,000 అడుగుల ఎత్తుకి సరిపడా ఉంచుతారు. పాత రకాల్లో అది 8,000 దాకా వెళ్తుంది. జొహన్నెస్‌బర్గ్ విమానాశ్రయమే 5,558 అడుగుల ఎత్తున ఉంది! అంటే కొత్త విమానంలో ఆ ఊరి నేల మీద ఉన్నట్టే. తలనొప్పి, గొంతెండటం తగ్గాలంటే తరగతి మార్చే ముందు విమానం రకం చూడండి. 777లో ప్రీమియం కంటే ఏ350లో ఎకానమీ నయమనేవారున్నారు. అంత దూరం నేను పోను గానీ వాదనలో బలం ఉంది.

నడవాసీటు:
దుబాయ్ మీదుగా వెళ్లే ఎమిరేట్స్ ప్రీమియంలో పిచ్ 40 అంగుళాలు, వెడల్పు 19.5, పిక్కలకి ఆనుడు కూడా ఉంటుంది. సీటుగా అది మెరుగే. కానీ దుబాయ్‌కి ఎనిమిది గంటలు, అక్కడి నుంచి లండన్‌కి ఏడు. నిద్ర మధ్యలో తెగ్గొట్టి సెక్యూరిటీ క్యూలో నిలబెడితే సీటు ఎంత మంచిదైతే ఏం లాభం? నేరుగా వెళ్లే ఎకానమీకే నా ఓటు.

ప్రీమియం కొనేసినవారికి మాత్రం నాలుగు మాటలు. క్యాబిన్ చివరి వరుస కొన్ని విమానాల్లో గోడ తగిలి పూర్తిగా వాలదు, ముందు వరుసలో స్క్రీన్ పట్టీలో ఉంటుంది, కాబట్టి మధ్య వరుసలు చూసుకోండి. సీటు వాల్చగానే నడుము వెనక ఖాళీ ఏర్పడి తుంటి ముందుకి జారుతుంది, అర్ధరాత్రి నడుము పట్టేసేది అందుకే. వాల్చిన తర్వాత ఆ ఖాళీలో దిండు పెట్టండి, తల దగ్గర కాదు. పొట్టివారికి కాలి ఆనుడు అందక తొడల కింద ఒత్తుడు పడుతుంది. విమానం ఎగిరాక చేతి బ్యాగుని పాదాల కింద పెట్టుకుంటే సరి. విమానాశ్రయంలోనే తినేసి, ఎక్కగానే భోజనం, టిఫిన్ రెండూ వద్దని సిబ్బందికి చెబితే నిద్రకి రెండు గంటలు కలిసొస్తాయి. ప్రీమియంకి డబ్బు కట్టి ఆ మంచి భోజనం వదులుకోవడం ఏమిటంటారా? నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా!

రూల్‌బుక్:
చివరగా ఒక జాగ్రత్త. ప్రీమియం కొన్నాక విమానం మారిపోయి, వచ్చినదానిలో ఆ క్యాబిన్ చిన్నదై ఎకానమీకి దించేస్తే, బ్రిటన్ లేదా యూరప్ ఎయిర్‌లైన్ నడిపే విమానమైతే 3,500 కిలోమీటర్లు దాటిన దూరానికి టికెట్ ధరలో 75 శాతం వారం రోజుల్లో వెనక్కివ్వాలి. వోచర్ ఇస్తామంటే మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చెల్లుతుంది. బోర్డింగ్ పాస్ దాచుకోండి, కింది తరగతిలో కూర్చున్నారనడానికి రుజువు అదే.

పెట్టేబేడా:
75 శాతం మొత్తం రానుపోను టికెట్ మీదా?

రూల్‌బుక్:
కాదండీ. దించేసిన ఆ ఒక్క విమానం ధర మీదే, అదీ పన్నులు తీసేసి. విడి ధర టికెట్లో లేకపోతే మొత్తం ధరలో ఆ విమానం దూరం వాటాని బట్టి లెక్కగడతారు.