అంచులు కోయమంటే కోసేయాలా? పాత పుస్తకాల బైండింగుపై చర్చ

నెల్లూరు బైండరు:
మా నాన్నగారి కాలం నుంచి ట్రంకు రోడ్డు దగ్గర ఈ పనే చేస్తున్నాము. గత వారం ఒక పెద్దాయన తమ తాతగారి పారాయణ గ్రంథం తెచ్చి, అంచులు మిషనులో సమంగా కోసి, ఎర్ర రెక్సిను వేసి, బంగారు అక్షరాలు కొట్టి, చినిగిన మొదటి పేజీని లామినేషను చేయమన్నారు. రెక్సినుకు నాకు అభ్యంతరం లేదు. కానీ అంచుల్లో తాతగారు పెన్సిలుతో రాసుకున్న అర్థాలున్నాయి. పావు అంగుళం కోసినా వాటి చివరి అక్షరాలు పోతాయి. ఆ మాట చెబితే, మనవరాలి పెళ్లికి ఇవ్వాలి కనుక పుస్తకం కొత్తగా కనపడాలంటున్నారు. డబ్బిచ్చేది ఆయనే. మీరైతే ఏం చేస్తారు?

విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి, ఒంగోలు:
లామినేషనుకు మాత్రం ఒప్పుకోకండి. వేడికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్కును కాగితం చెడకుండా మళ్లీ తీయలేము. కాగితంలోని ఆమ్లం ఎటూ పోదు కనుక అది లోపల పెళుసెక్కుతూనే ఉంటుంది. చినుగుకు సన్నని జపాను టిష్యూ కాగితం, గోధుమ గంజి చాలు. రేపు కావాలంటే తడి చేసి ఊడదీయవచ్చు. సెల్లో టేపు జోలికి పోవద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఎన్నో పుస్తకాలకు అంటించాను. టేపు ఊడిపోయింది, పసుపు మరకలు మిగిలాయి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంకొకటి, తుపాను ముసురు రోజుల్లో అట్ట వేయకండి. జిగురు ఆరక బూజు పడుతుంది.

కావలి బైండరు:
జపాను టిష్యూ మా ఊళ్లో దొరకదండీ. బిల్లు పుస్తకాలకు నేను ఫెవికాలే వాడతాను, అందులో తప్పు లేదు. పాతవాటికి మాత్రం మైదా జిగురే. మా గురువుగారు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. మైలుతుత్తంలో ఉండే రాగి వల్ల కాగితం త్వరగా పాడవుతుందని తెలిశాక నేను మానేసి, ఏ రోజుకారోజు ఉడికించుకుంటున్నాను. అసలు చిక్కు కుట్టులో ఉంది. వెన్ను పక్కన దబ్బనంతో పొడిచి కుడితే పని త్వరగా అవుతుంది గాని, లోపలి అంచు కుట్టు కిందికి పోతుంది, పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, పెళుసు కాగితం కుట్టు దగ్గరే విరుగుతుంది. ఫారాలు, అంటే మడిచిన పేజీల కట్టలు, విడదీసి మడతలోంచి కుట్టడానికి చాలా సమయం పడుతుంది. ఆ కూలి అడగడానికి మొహమాటపడి పొడిచి కుట్టేది మనమే, నెపం మాత్రం గిరాకీ మీద వేస్తాము.

ఒక చదువరి, కందుకూరు:
నేను పుస్తకాలు ఇచ్చి కుట్టించుకునే వాడిని. మా అమ్మ పాటల నోటుపుస్తకం కోసి ఇచ్చిన తరువాతే, అంచున రాసుకున్న రాగాల పేర్లు పోయాయని తెలిసింది. కోతకు ముందు నాకెవరూ పేజీ తెరిచి చూపలేదు. ఆ పెద్దాయనకు స్కేలు పెట్టి, కత్తి ఎక్కడిదాకా పడుతుందో చూపండి.

నెల్లూరు బైండరు:
కందుకూరు వారు చెప్పినట్టే స్కేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఒక పద్యం పక్కన రాసిన అర్థాన్ని పైకి చదివి, కోయవద్దన్నారు. ఫారాలు విడదీసి కుట్టి, పాత అట్టలే తిరిగి కడుతున్నాను. ఎర్ర రెక్సిను, బంగారు అక్షరాలు పుస్తకం పట్టే పెట్టె మీదికి వెళ్లాయి. పెళ్లిలో చేతికిచ్చేది ఆ పెట్టే కదా. మొదటి పేజీకి కలరు జిరాక్సు తీయించి దానికి లామినేషను చేయిస్తానంటే సరేనన్నారు. పెట్టె కూలిలో వంద తగ్గించమన్నారు, తగ్గించాను.