లాక్ తీయకముందే లోన్ ప్రకటనలు: మామయ్య ఫోన్‌కు ఏం చేయాలి?

పెరంబూరు కోడలు:
అందరికీ నమస్కారం. మా మామయ్య సూళ్ళూరుపేటలో ఒక్కరే ఉంటారు. పోయిన దీపావళికి పదకొండు వేలు పెట్టి ఫోన్ కొనిచ్చాం. లాక్ తీయకముందే రోజుకో బొమ్మ, దాని కింద ఏదో వార్త. టైమ్ చూద్దామని వేలు తగిలిస్తే ఆట తెరుచుకుంటుంది, లేదంటే "ఐదు నిమిషాల్లో లోన్". మొన్న ఫోన్ చేసి "నేనెప్పుడు అప్పు అడిగానమ్మా?" అన్నారు. వైరస్సా ఇది? మార్చేయాలంటే ఇరవై వేల లోపు ఏది మంచిది?

రిచీ స్ట్రీట్ రిపేరు:
వైరస్ కాదక్కా, కంపెనీవాళ్ళే పెట్టి పంపిన సరుకు. ఏ కంపెనీయో నేను అడగను, ఇట్టాంటివి మా బల్ల మీదికి వస్తానే ఉంటాయి. సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్, లేదా వాల్‌పేపర్ దగ్గర చూడండి. బొమ్మలు మార్చే సర్వీస్ ఒకటి ఉంటుంది, ఒక్కో ఫోన్‌లో ఒక్కో పేరు. దాన్ని ఆపేయండి.

లోన్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు తోసేయొద్దని చెప్పండి. దాని మీద వేలు గట్టిగా నొక్కి పట్టుకుంటే ఏ యాప్ పంపిందో పేరు కనపడుతుంది, అక్కడే ఆపేయొచ్చు. చాలాసార్లు అది ఫోన్‌తోపాటు వచ్చిన యాప్ స్టోరో, బ్రౌజరో అయ్యుంటుంది. గూగుల్ సెట్టింగ్స్‌లో యాడ్స్ కింద అడ్వర్టైజింగ్ ఐడీ ఉంటుంది, ప్రకటనలవాళ్ళు మన ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు. దాన్ని డిలీట్ చేయండి. ప్రకటనలు ఆగవు, మనిషిని చూసి వెంటపడటం తగ్గుతుంది.

శ్రీపెరుంబుదూరు పాతకాపు:
ఇక్కడి నోకియా ఫ్యాక్టరీలో చేసినవాణ్ణి, ఒక మాట. 2006లో మొదలై 2014 నవంబరు 1న ఆగిపోయింది. కింద పడేసినా పగలని ఫోన్లు మావి. ఫోన్ లోపల ఇచ్చే సర్వీసుల సంగతి కంపెనీకి తెలియక కాదు. 2007లోనే ఓవీ పేరుతో అలాంటివి తెచ్చారు, ఫిన్లాండ్ భాషలో తలుపు అని అర్థం. మ్యాపులు, పాటలు, తర్వాత యాప్‌ల అంగడి, అన్నీ ఆ తలుపు వెనకే. 2009లో లైఫ్ టూల్స్ పేరుతో రైతులకు మార్కెట్ ధరలు మెసేజ్‌లో పంపారు. కానీ యాప్‌లు రాసేవాళ్ళు మా ఫోన్లను నడిపే సింబియన్ సాఫ్ట్‌వేర్‌ను వదిలి ఆండ్రాయిడ్, ఐఫోన్ వైపు వెళ్ళిపోయారు. తలుపు ఉంది, లోపలికి వచ్చేవాళ్ళు లేరు. 2011లో మైక్రోసాఫ్ట్‌వాళ్ళ విండోస్ చేయి పట్టుకున్నారు, అదీ నిలవలేదు.

ఇప్పటివాళ్ళు లెక్క తిరగేశారు. షావోమీ 2010లో ముందు ఎంఐయూఐ సాఫ్ట్‌వేర్ వదిలి, ఫోన్ మరుసటి ఏడు తెచ్చింది. హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని 2018లో దాని అధిపతి లెయ్ జున్ మాటిచ్చాడు. అంటే మిగతా రాబడి ఫోన్ అమ్మాక, ఇలాంటి ప్రకటనలు, సర్వీసుల నుంచి రావాలి.

పెరంబూరు కోడలు:
అంటే ఏది కొన్నా ఇంతేనా?

రిచీ స్ట్రీట్ రిపేరు:
అంత లేదక్కా. షాపులో కెమెరా మెగాపిక్సెల్ అడగొద్దు, ఎన్నేళ్ళు అప్‌డేట్ ఇస్తారో అడగండి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 ఏడేళ్ళన్నాయి గానీ అవి మన బడ్జెట్ కాదు. 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి కూడా ఆరేళ్ళన్నారు. ఒక మెలిక: ఆ లెక్క ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి, మనం కొన్న రోజు నుంచి కాదు. డిస్కౌంట్‌లో పాత మోడల్ తీసుకుంటే రెండేళ్ళు అప్పుడే అయిపోయుంటాయి.

ఇంకోటి. కంపెనీ మారితే దాని సొంత సర్వీస్‌లో దాచినవి వెంట రావు. శామ్‌సంగ్‌లో తాళం వేసి దాచుకునే సెక్యూర్ ఫోల్డర్‌లో పెట్టినవి ముందే బయటికి తీసుకోవాలి, ఫోన్ రీసెట్ కొడితే పోతాయి. నంబర్లు ఫోన్ మెమరీలో కాకుండా గూగుల్ అకౌంట్‌లో సేవ్ అవుతున్నాయేమో చూడండి. పెద్దాయన ఫోన్‌లో ముందు చూడాల్సింది అదే.

పెరంబూరు కోడలు:
వీడియో కాల్‌లో అన్నీ ఆపించాను, గంట పట్టింది. లాక్ స్క్రీన్ మీద ఇప్పుడు వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. కొత్త ఫోన్ వాయిదా. పొద్దున మామయ్య మళ్ళీ ఫోన్ చేశారు, "బొమ్మ కింద వార్తలు రావడం లేదేంటమ్మా?" అని.